ముట్లుడిగిన స్త్రీ తలనొప్పిని పైత్యమని పంపేయకండి: మూడు జిల్లాల వైద్యాధికారులకు బహిరంగ లేఖ

అనంతపురం, కర్నూలు, కడప జిల్లాల వైద్య ఆరోగ్యశాఖ అధికారులకు నమస్కారాలు.

2022లో జిల్లాలు విడిపోయాయి కాబట్టి శ్రీ సత్యసాయి, నంద్యాల, అన్నమయ్య జిల్లాల అధికారులు కూడా ఈ లేఖ తమకు రాసిందేనని భావించాలి. నేను అనంతపురంలో నర్సింగ్ విద్యార్థినులకు శరీర ధర్మశాస్త్రం బోధిస్తాను. నా దగ్గర చదువుకున్న పిల్లలు చాలామంది ఈరోజు మీ శాఖలో ఏఎన్ఎంలుగా, విలేజ్ హెల్త్ క్లినిక్‌లలో ఎంఎల్‌హెచ్‌పీలుగా, అంటే మధ్యస్థాయి ఆరోగ్య సిబ్బందిగా పనిచేస్తున్నారు. పల్లెల్లో తాము చూసినవి వాళ్లు వచ్చి చెబుతుంటారు, అర్థం కానివి అడుగుతుంటారు. వాళ్ల ప్రశ్నలు, మా కుటుంబంలో జరిగిన ఒక నష్టం కలిసి ఈ లేఖ రాయించాయి.

అడగదలచింది ముందే చెబుతాను. మన ప్రాంతంలో ఒక స్త్రీకి ఏ వయసులో ముట్లు ఆగాయి, వాటంతట అవే ఆగాయా, ఆపరేషన్ వల్ల ఆగాయా అన్న సంగతిని ఆమె మెదడు రక్తనాళాల ఆరోగ్యానికి సంబంధించిన సమాచారంగా మీ శాఖ గుర్తించాలి. బీపీ పుస్తకంలో, ఆపరేషన్ చీటీలో, తలనొప్పితో వచ్చిన మనిషిని పరీక్షించే డాక్టరు బల్ల మీద ఆ సమాచారం ఉండాలి. ఇప్పుడు ఎక్కడా లేదు.

మెదడు అడుగున పెద్ద ధమనులు కలుసుకుని ఒక వలయంగా ఏర్పడతాయి. ఇంగ్లండుకు చెందిన థామస్ విల్లిస్ అనే వైద్యుడు 1664లో దాన్ని వివరంగా వర్ణించాడు కాబట్టి ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తున్నారు. ఆ వలయం దగ్గర ధమనులు రెండుగా చీలే చోట గోడ బలహీనపడితే, సైకిల్ ట్యూబు అరిగిన చోట బుడగ లేచినట్టు రక్తనాళం ఉబ్బుతుంది. దాన్నే అన్యూరిజం అంటారు. పెద్దవాళ్లలో నూటికి సుమారు ముగ్గురికి ఇలాంటి ఉబ్బు ఉంటుందని అనేక దేశాల అధ్యయనాలను కలిపి చూసిన 2011 నాటి విశ్లేషణ తేల్చింది. వాళ్లలో ఎక్కువమందికి అది ఉన్నట్టే తెలియదు. జీవితాంతం ఏ హానీ చేయకుండా ఉండిపోతుంది. పగలని అన్యూరిజంలను వేల సంఖ్యలో పరిశీలించి జపాన్ వైద్యులు 2012లో ప్రచురించిన లెక్క ప్రకారం, ఏడాదికి వాటిలో పగిలేవి 0.95 శాతం. ఈ లేఖ చదివి ఎవరూ భయంతో స్కానింగ్ సెంటర్లకు పరుగెత్తకూడదనే ఈ అంకెలు ముందుగా రాస్తున్నాను.

పగిలితే మాత్రం మెదడును కప్పి ఉంచే పొరల మధ్యకు రక్తం చిమ్ముతుంది. సబ్‌అరాక్నాయిడ్ హెమరేజ్ అనే ఈ రక్తస్రావంలో దాదాపు మూడో వంతు మంది చనిపోతారు. ఆసుపత్రి గడప తొక్కకముందే ప్రాణం పోయేవాళ్లూ తక్కువ కాదు. బతికినవాళ్లలో చాలామంది మునుపటిలా పొలం పనో, వంట పనో, ఉద్యోగమో చేసుకోలేరు. సాధారణ పక్షవాతం కంటే ఇది చిన్న వయసులో వస్తుంది. రోగుల సగటు వయసు యాభై, యాభై అయిదు మధ్యనే ఉంటుంది. అంటే ఇల్లు ఆమె మీద ఆధారపడి నడుస్తున్న రోజుల్లోనే వస్తుంది.

ఆమె అని కావాలనే రాశాను. చిన్న వయసులో ఈ ఉబ్బుల విషయంలో ఆడవాళ్లకూ మగవాళ్లకూ పెద్ద తేడా కనిపించదు. యాభై దాటాక స్త్రీలలో అవి స్పష్టంగా ఎక్కువవుతాయి. రక్తస్రావం కూడా యాభై అయిదు దాటిన స్త్రీలలో అదే వయసు పురుషుల కంటే ఎక్కువ. గుండెపోటు వంటి జబ్బుల్లో నడివయసులో మగవాళ్ల సంఖ్యే ఎక్కువగా చూసిన మనకు ఇది తలకిందులైన లెక్క. ముట్లు ఆగే వయసు దాటాకే ఈ తేడా ఎందుకు మొదలవుతోంది? ఈ ప్రశ్న వెంట పరిశోధకులు దాదాపు రెండు మూడు దశాబ్దాలుగా నడుస్తున్నారు. అది వాళ్లను రెండు చోట్లకు తీసుకెళ్లింది. ఒకటి అండాశయాల నుంచి వచ్చే ఈస్ట్రోజెన్ హార్మోను. రెండోది రక్తనాళం గోడలోనే రగిలే ఇన్‌ఫ్లమేషన్, అంటే వాపు ప్రక్రియ.

రెండోదాని గురించి ముందు చెప్పాలి. ఎందుకంటే అన్యూరిజం అనగానే డాక్టర్లు కూడా చాలాకాలం పుట్టుకతో వచ్చిన బలహీనత, దానిపై బీపీ ఒత్తిడి, అంతటితో కథ ముగిసిందనుకున్నారు. అసలు విషయం అంతకంటే చాలా పెద్దది. ధమని లోపలి వైపు ఎండోథీలియం అనే ఒకే ఒక కణాల పొర ఉంటుంది. ప్రవహించే రక్తం నిరంతరం దాన్ని ఒరుసుకుంటూ పోతుంది. ఆ ఒరిపిడి సమంగా ఉన్నంత వరకు కణాలు క్షేమంగా ఉంటాయి. ధమని రెండుగా చీలే చోట ప్రవాహం గోడను ఢీకొట్టి సుళ్లు తిరుగుతుంది. పైగా మెదడు ధమనులకు ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. శరీరంలోని ఇతర ధమనులకు ఉండే బయటి సాగే పొర వీటికి ఉండదు. లోపలి సాగే పొర ఒక్కటే ఆధారం. చీలిక దగ్గర ప్రవాహపు తాకిడి పెరిగినప్పుడు, ఎండోథీలియం కణాలలో ఎన్‌ఎఫ్-కప్పా-బి అనే ప్రోటీన్ మేల్కొని వాపును పుట్టించే జన్యువులను పనిలోకి దింపుతుంది. ఎంసీపీ-1 అనే రసాయనం విడుదలై రక్తంలో తిరుగుతున్న మోనోసైట్లు అనే తెల్ల రక్తకణాలను పిలుస్తుంది. అవి గోడలోకి చొరబడి మాక్రోఫేజ్‌లుగా మారతాయి.

మాక్రోఫేజ్‌లు మామూలుగా సూక్ష్మజీవులను మింగి మనల్ని కాపాడే కణాలు. రక్తనాళం గోడలో చేరినప్పుడు అవే ఎంఎంపీ-2, ఎంఎంపీ-9 అనే ఎంజైములను వదులుతాయి. గోడకు బలాన్నిచ్చే కొల్లాజెన్, ఎలాస్టిన్ తంతువులను ఆ ఎంజైములు కరిగిస్తాయి. ఆ తంతువులను తిరిగి తయారు చేయాల్సిన నునుపు కండర కణాలు తమ పని మానేసి, తామే టీఎన్‌ఎఫ్-ఆల్ఫా, ఇంటర్‌ల్యూకిన్-1 బీటా వంటి వాపు రసాయనాలను తయారు చేయడం మొదలుపెడతాయి. క్రమంగా చనిపోతాయి. మరమ్మతు చేసే చేతులు కరువై గోడ పలచబడుతుంది. ఫిన్లాండ్ దేశపు హెల్సింకీలో శస్త్రచికిత్స సమయంలో తీసిన అన్యూరిజం గోడలను పరీక్షించి 2004లో ప్రచురించారు. పగిలిన వాటిలో కండర కణాలు తగ్గిపోయి, లోపలి పొర దెబ్బతిని, వాపు కణాలు గుమిగూడి కనిపించాయి. ఎలుకల్లో మాక్రోఫేజ్‌లను తగ్గిస్తే అన్యూరిజంలు తక్కువగా ఏర్పడ్డాయని 2011లో మరో ప్రయోగం చూపింది. ఉబ్బు సైజు ఎన్ని మిల్లీమీటర్లు అన్నదొక్కటే చూస్తే చాలదని, గోడలో ఏం జరుగుతోందో కూడా చూడాలని ఈ పరిశోధనలన్నీ చెబుతున్నాయి. ఇప్పుడు కొన్ని పెద్ద ఆసుపత్రుల్లో గోడలోని ఈ వాపును చూపే ప్రత్యేక ఎంఆర్ఐ కూడా చేస్తున్నారు.

ఇక ఈస్ట్రోజెన్. ఈ హార్మోను పని గర్భసంచికి, రొమ్ములకు మాత్రమే పరిమితమని మన పాఠ్యపుస్తకాలు చదివిన పిల్లలు అనుకుంటారు. రక్తనాళాల గోడలోనూ దాని గ్రాహకాలు, అంటే ఆ హార్మోను వచ్చి అతుక్కుని పనిచేసే చోట్లు ఉన్నాయి. అక్కడ అది ఎండోథీలియం చేత నైట్రిక్ ఆక్సైడ్ తయారు చేయించి నాళాన్ని మెత్తగా, సాగేలా ఉంచుతుంది. ఇందాక చెప్పిన ఎన్‌ఎఫ్-కప్పా-బి ని అదుపులో పెడుతుంది. కొల్లాజెన్ నిలవకు సాయపడుతుంది. అంటే వాపు ప్రక్రియ మొదలయ్యే ప్రతి మెట్టు దగ్గరా ఈస్ట్రోజెన్ కాపలా ఉంటుంది. అండాశయాలు తీసేసిన ఎలుకల్లో మెదడు అన్యూరిజంలు ఎక్కువగా ఏర్పడ్డాయనీ, ఈస్ట్రోజెన్ తిరిగి ఇస్తే తగ్గాయనీ 2005లో ప్రచురితమైన ప్రయోగాలు చూపాయి. అండాశయాలు లేని ఎలుకల్లో అప్పటికే ఏర్పడిన అన్యూరిజం పగలకుండా ఈస్ట్రోజెన్ ఆపగలిగిందనీ, ఆ రక్షణ బీటా రకం గ్రాహకం ద్వారా అందిందనీ 2014లో మరొకటి వచ్చింది.

మనుషుల్లో రుజువులు ఇంత శుభ్రంగా లేవని నిజాయితీగా చెప్పాలి. ముట్లు తొందరగా ఆగిన స్త్రీలలో అన్యూరిజం, రక్తస్రావం ఎక్కువని కొన్ని పరిశీలనలు చెబితే, మరికొన్నింటిలో ఆ సంబంధం బలంగా కనిపించలేదు. పగిలే ప్రమాదాన్ని అంచనా వేయడానికి 2014 నుంచి వాడుతున్న ఫేజెస్ అనే స్కోరులో ఏ దేశపు జనాభా, బీపీ, వయసు, ఉబ్బు పరిమాణం, అంతకుముందు రక్తస్రావం జరిగిందా, ఉబ్బు ఎక్కడ ఉంది అన్న ఆరు అంశాలున్నాయి. ఆడా మగా అన్నది అందులో లేదు. ఉబ్బు ఏర్పడటంలో హార్మోను పాత్ర ఎంత, పగలడంలో ఎంత అన్న చర్చ సాగుతూనే ఉంది. కానీ గోడలో ఏం జరుగుతుందో వివరించే ప్రయోగాలూ, యాభై తర్వాత స్త్రీలలో పెరిగే సంఖ్యా ఒకే వైపు చూపిస్తున్నప్పుడు, ప్రజారోగ్య శాఖ చేతులు కట్టుకుని చివరి రుజువు కోసం ఎదురుచూడటం నాకు న్యాయంగా తోచదు. నేను అడుగుతున్న పనులేవీ ఖరీదైనవి కావు, హాని చేసేవి అంతకంటే కావు.

ఇక్కడే ఒక హెచ్చరిక. ఇది చదివి ఏ మందుల దుకాణమూ హార్మోను బిళ్లలు అమ్మకూడదు. ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ అనే మరో హార్మోను కలిపి ఇచ్చిన ఉమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ అనే పెద్ద అమెరికన్ పరీక్షను 2002లో మధ్యలోనే ఆపేశారు. ఆ మందులు తీసుకున్నవాళ్లలో రొమ్ము క్యాన్సర్, రక్తం గడ్డకట్టడం, పక్షవాతం పెరిగాయి. చిన్న వయసులోనే అండాశయాలు పోయిన స్త్రీల సంగతి వేరు. వాళ్లకు సహజంగా ముట్లు ఆగే వయసు వరకు హార్మోను ఇవ్వాలా అన్నది గైనకాలజిస్టు ఆ మనిషిని పరీక్షించి నిర్ణయించాల్సిన విషయం. అలాగే, ఆస్పిరిన్ వాడే అన్యూరిజం రోగుల్లో రక్తస్రావం తక్కువగా కనిపించిందని 2011లో ఒక పరిశీలన వచ్చింది. వాపును తగ్గించే మందు కాబట్టి ఆశ కలిగించే విషయమే. అలా అని తలనొప్పికి ఎవరికి వారు ఆస్పిరిన్ మింగితే, ఆ తలనొప్పి రక్తస్రావం వల్ల వచ్చినదైతే ప్రాణం మీదికి వస్తుంది.

ఇప్పుడు మన సీమ సంగతి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాలుగో విడతలో, అంటే 2015–16లో, దేశంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. దేశంలోని అన్ని రాష్ట్రాలకంటే పై వరుసలో మనమూ తెలంగాణా ఉన్నాం. యాభై నిండని స్త్రీల లెక్క ఇది. భారతీయ స్త్రీలకు సహజంగా ముట్లు ఆగే వయసే 46, 47 ఏళ్లు. పాశ్చాత్య దేశాల్లో అది 51 దగ్గర ఉంటుంది. అంటే ఈస్ట్రోజెన్ రక్షణ మనవాళ్లకు ముందే నాలుగైదేళ్లు తక్కువ. దాని మీద ముప్పైల్లోనే ఆపరేషన్.

ఎందుకు తీయించుకుంటున్నారో మీకు నేను చెప్పనక్కరలేదు. తెల్లబట్ట, అధిక రక్తస్రావం, నడుంనొప్పి, క్యాన్సర్ వస్తుందన్న భయం. పిల్లలు పుట్టేశారు, ఇక దాంతో పనేముంది అన్న మాట ఇంట్లోనూ వినిపిస్తుంది, కొన్ని ఆసుపత్రుల్లోనూ వినిపిస్తుంది. ఆదోని, కోసిగి, ఆలూరు వైపు నుంచి మిరపకాయలు కోయడానికి గుంటూరు వలస వెళ్లే కూలీ అమ్మలు ఆ రోజుల్లో ముట్టు ఇబ్బంది తప్పుతుందని ఆపరేషనే మేలనుకుంటారని నా విద్యార్థిని ఒకామె చెప్పింది. నీళ్లు, మరుగుదొడ్డి లేని పనిచోట్ల నెల నెలా పడే బాధ ఎలాంటిదో తెలిసినవాళ్లెవరూ వాళ్లను తప్పుపట్టలేరు. తప్పు ఆ బాధకు కోత తప్ప మరో దారి చూపని మనదే. తెల్లబట్టకు చాలాసార్లు మందులు సరిపోతాయి. అధిక రక్తస్రావానికి బిళ్లలు, గర్భసంచిలో అమర్చే హార్మోను పరికరం, ఇంకా చిన్న చికిత్సలు ఉన్నాయి. ఈ దారులు కూలీ స్త్రీల దాకా చేరడం లేదు.

గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేశారా అన్నది మరింత పెద్ద ప్రశ్న. నా దగ్గరికి కాగితాలు పట్టుకుని వచ్చే స్త్రీల డిశ్చార్జి చీటీల్లో ఈ ఒక్క ముక్క తరచుగా కనిపించదు. "గర్భసంచి తొలగింపు" అని మాత్రమే ఉంటుంది. ఆమెను అడిగితే ఆమెకూ తెలియదు. రెండు అండాశయాలూ తీసేస్తే ఆ రోజుతోనే, ముప్పై రెండేళ్లకైనా సరే, ముట్లుడిగిన శరీరమవుతుంది. నలభై అయిదుకు ముందు అలా జరిగిన స్త్రీలలో గుండె, రక్తనాళాల జబ్బులు, ఎముకలు పెళుసవడం ఎక్కువని అమెరికాలోని మేయో క్లినిక్ వంటి చోట్ల దశాబ్దాల పాటు గమనించి చెప్పారు. అండాశయాలు ఉంచినా, గర్భసంచి తీసిన తర్వాత అవి కొంత ముందుగానే పనిచేయడం మానేసే అవకాశం పెరుగుతుంది. గర్భసంచి లేదు కాబట్టి ముట్లు ఎప్పుడు ఆగాయో తెలిపే గుర్తు కూడా ఆమెకు మిగలదు.

మా పెద్దమ్మ కూతురు, నాకు అక్క, కళ్యాణదుర్గం దగ్గర పల్లెలో ఉండేది. తెల్లబట్ట అని వెళ్తే ముప్పై నాలుగేళ్లకు గర్భసంచి తీశారు. అండాశయాలు కూడా పోయాయని చాలా ఏళ్ల తర్వాత వేరే కారణానికి తీసిన స్కానింగ్‌లో తెలిసింది. ఆవిర్లు, చెమటలు, నిద్ర లేకపోవడం ఆమెకు నలభై రాకముందే మొదలయ్యాయి. తర్వాత బీపీ వచ్చింది. బిళ్లలు కొన్నాళ్లు వేసుకునేది, బాగానే ఉందనిపిస్తే మానేసేది. నలభై ఎనిమిదో ఏట ఒక మధ్యాహ్నం వేరుశనగ కాయలు ఒలుస్తుండగా తల పగిలిపోతోందని అరిచి వాంతి చేసుకుంది. ఎండకు పైత్యం చేసిందని ఊళ్లో ఇంజెక్షన్ ఇచ్చారు. మర్నాడు పట్టణంలో ఒక ఆసుపత్రిలో గ్యాస్ అని మందులు రాసి పంపారు. మెడ వంగడం లేదని ఆమె చెబుతూనే ఉంది. మూడో రోజు స్పృహ తప్పింది. బెంగళూరు దారిలో పెనుకొండ దాటాక ప్రాణం పోయింది.

ఆపరేషన్ వల్లే అక్కకు రక్తస్రావం జరిగిందని నేను అనను. ఒక్క మనిషి విషయంలో అలా చెప్పగలిగే శాస్త్రం లేదు. బీపీ ఉంది, మరేవైనా కారణాలు ఉండవచ్చు. నేను చెప్పేది ఇంతే: ఆమెను చూసిన వాళ్లలో ఏ ఒక్కరికైనా నలభై ఎనిమిదేళ్ల స్త్రీ, పద్నాలుగేళ్లుగా అండాశయాలు లేవు, బీపీ ఉంది, క్షణంలో విరుచుకుపడిన తలనొప్పి అన్న నాలుగు ముక్కలు ఒకేసారి కళ్ల ముందు ఉంటే, ఆమెను సీటీ స్కాన్‌కు పంపేవారు. మొదటి రోజు కారిన రక్తం ఒక హెచ్చరిక. పగిలిన అన్యూరిజం తిరిగి కారే ప్రమాదం మొదటి ఇరవై నాలుగు గంటల్లో అన్నిటికంటే ఎక్కువ. మొదటిసారి బతికినవాళ్లను చంపే ముఖ్య కారణాల్లో ఆ రెండో రక్తస్రావం ఒకటి.

అందుకే తలనొప్పి సంగతి మీ శిక్షణలో అన్నిటికంటే ముందు పెట్టమని కోరుతున్నాను. మన దగ్గర మార్చి నుంచి జూన్ దాకా వచ్చే ప్రతి తలనొప్పికీ ఎండ మీద, పైత్యం మీద నేరం మోపే అలవాటుంది. నూటికి తొంభై తొమ్మిది సార్లు అది నిజమే కావచ్చు. మిగిలిన ఆ ఒక్కదాన్ని పట్టుకోవడానికి ఆశా కార్యకర్త అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఈ నొప్పి ఎంత సేపట్లో ఇంత తీవ్రమైంది? ఒక్క నిమిషంలోపే పరాకాష్ఠకు చేరిన, జీవితంలో ఎన్నడూ ఎరగని నొప్పి అయితే అది అత్యవసరమే. దానికి వాంతి, మెడ పట్టేయడం, వెలుతురు చూడలేకపోవడం, ఫిట్స్, కాసేపు స్పృహ తప్పి తిరిగి రావడం తోడైతే ఇక ఆలోచించేది లేదు. ఒక కంటి రెప్ప వాలిపోయి, ఆ కంటి పాప పెద్దదై, వస్తువులు రెండుగా కనిపిస్తుంటే మెదడు వెనుక వైపు కలిపే ధమని మీద ఉబ్బు కంటిని కదిలించే నరాన్ని నొక్కుతున్నట్టు అనుమానించాలి. దాన్ని కంటి డాక్టరు దగ్గరికి పంపి ఊరుకోకూడదు. నొప్పి బిళ్లకు తగ్గిందని ఇంటికి పంపడం కూడా తప్పే. బిళ్లకు తగ్గినంత మాత్రాన రక్తస్రావం లేదని కాదు.

సీటీ స్కాన్‌కు గడియారంతో పని ఉంది. నొప్పి మొదలైన ఆరు గంటల్లోపు తీస్తే పొరల మధ్య రక్తం దాదాపు ప్రతిసారీ కనిపిస్తుంది. రోజులు గడిచేకొద్దీ రక్తం పలచబడి కనిపించకుండా పోతుంది. అప్పుడు వెన్ను నీరు తీసి చూడాల్సి వస్తుంది. ఉరవకొండ నుంచైనా, రాయదుర్గం నుంచైనా, పత్తికొండ నుంచైనా, జమ్మలమడుగు నుంచైనా జిల్లా కేంద్రంలోని సీటీ యంత్రం ఆరు గంటల్లో చేరుకోగల దూరమే. మధ్యలో సమయం పోయేది ఇంజెక్షన్లకు, సెలైన్లకు, ఒక చోటి నుంచి మరో చోటికి చీటీ రాయించుకోవడానికి. ఇలాంటి నొప్పికి 108 వాహనం మధ్యలో ఆగకుండా నేరుగా సీటీ ఉన్న ఆసుపత్రికే వెళ్లాలని రాతపూర్వకంగా ఆదేశం ఇవ్వండి.

రక్తస్రావం తేలాక చేయాల్సింది ఉబ్బును మూసేయడం. వీలైతే ఇరవై నాలుగు గంటల్లోపే. పుర్రె తెరిచి క్లిప్పు పెట్టవచ్చు, తొడ లేదా మణికట్టు ధమని గుండా సన్నని గొట్టం పంపి ప్లాటినం తీగ చుట్టలతో నింపవచ్చు (దీన్నే కాయిలింగ్ అంటారు). నిమోడిపిన్ బిళ్లలు ఇరవై ఒక్క రోజులు ఇవ్వాలి. నాలుగో రోజు నుంచి రెండో వారం చివరి దాకా మెదడు రక్తనాళాలు బిగుసుకుపోయే ప్రమాదం ఉంటుంది, అక్కడ కూడా వాపు ప్రక్రియ పాత్ర ఉంది. ఈ సౌకర్యాలన్నీ ప్రతి జిల్లాలో ఉండాలని కోరడం ఈ లేఖ పరిధి దాటుతుంది. కానీ అనంతపురం వాళ్లు బెంగళూరుకు, కర్నూలు వాళ్లు హైదరాబాదుకు, కడప వాళ్లు తిరుపతికి ఎవరికి తోచిన ఆసుపత్రికి వాళ్లు పరుగెత్తే పరిస్థితి మార్చవచ్చు. ఏ రోజు ఏ ఆసుపత్రిలో న్యూరోసర్జన్, కాయిలింగ్ చేసే వైద్యుడు ఉన్నారో తెలిపే ఒక ఫోన్ నంబరు మూడు జిల్లాలకూ కలిపి ఉంటే చాలు. కర్నూలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిని దీనికి కేంద్రంగా చేయడం సహజంగా ఉంటుందని నా అభిప్రాయం. 1957 నుంచి సీమకు వైద్యులను తయారు చేస్తున్న కళాశాల అక్కడే ఉంది.

గర్భసంచి ఆపరేషన్ల విషయంలో మీకు కొత్త అధికారం ఎవరూ ఇవ్వనక్కరలేదు, ఇప్పటికే ఉంది. అనవసరపు గర్భసంచి తొలగింపులను అరికట్టేందుకు కేంద్ర ఆరోగ్య శాఖ 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది. రాష్ట్రాలన్నీ మూడు నెలల్లో వాటిని అమలు చేయాలని సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో ఆదేశించింది. జిల్లా స్థాయి పర్యవేక్షణ కమిటీలు అందులో భాగమే. మీ జిల్లా కమిటీ ఎప్పుడు సమావేశమైంది, ఎన్ని ఆపరేషన్లను సమీక్షించింది, నలభై లోపు వాళ్లవి ఎన్ని అన్న వివరాలను ప్రజల ముందు పెట్టండి. దేశంలో ఈ ఆపరేషన్లలో సుమారు మూడింట రెండు వంతులు ప్రైవేటు ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయి కాబట్టి సమీక్ష వాటినీ వదలకూడదు. ప్రతి డిశ్చార్జి చీటీలో అండాశయాలు ఉంచారా, తీశారా, తీస్తే ఎందుకు అన్న వాక్యం తెలుగులో, ఆమెకు చదివి వినిపించి, సంతకం తీసుకుని రాయాలి. ఈ ఒక్క వాక్యం లేని చీటీ అసంపూర్ణమని ప్రకటించండి.

ఆ చీటీ ఆమెతో పాటు ఊరి క్లినిక్‌కు చేరాలి. ముప్పై దాటిన వాళ్లకు బీపీ, షుగర్ చూసే కార్యక్రమం మీకు ఉండనే ఉంది. అదే పుస్తకంలో ముట్లు ఆగిన వయసు, సహజంగానా ఆపరేషన్ వల్లా అన్న రెండు గడులు చేర్చండి. నలభై అయిదుకు ముందు ఆగిన ప్రతి స్త్రీకీ బీపీ మరింత తరచుగా చూడాలి, బిళ్లలు మానకుండా వెంటపడాలి. అన్యూరిజం విషయంలో మన చేతుల్లో ఉన్న పెద్ద కారణాలు రెండే: అధిక రక్తపోటు, పొగ. పొగ రక్తనాళం గోడలో వాపు ప్రక్రియను నేరుగా రాజేస్తుంది, పైగా ముట్లు ఏడాదీ రెండేళ్లూ ముందే ఆగేలా చేస్తుంది. మన ఆడవాళ్లు పొగ తాగరు కదా అని దాటేయకండి. మూసిన గదిలో భర్త, మామ వదిలిన బీడీ పొగ వాళ్లూ పీలుస్తున్నారు.

చిగుళ్ల సంగతి చిన్నదిగా కనిపించవచ్చు. పగిలిన అన్యూరిజం గోడల్లో నోటి బాక్టీరియా డీఎన్ఏను ఫిన్లాండ్ పరిశోధకులు కనుగొన్నారు. చిగుళ్ల జబ్బు ఉన్నవాళ్లలో అన్యూరిజంలు ఎక్కువగా ఉన్నాయనీ గమనించారు. అదే కారణమని ఇంకా ఎవరూ తేల్చలేదు. శరీరంలో ఎక్కడో ఏళ్ల తరబడి రగిలే వాపు దూరంగా ఉన్న రక్తనాళాన్ని తాకగలదన్న సూచన మాత్రం బలంగా ఉంది. చిగుళ్ల నుంచి రక్తం కారడం, పళ్లు కదలడం మన పల్లెల్లో వయసు లక్షణంగా చెల్లిపోతున్నాయి. బీపీ చూసే చేతులతోనే నోరు తెరిపించి చూడమని ఏఎన్ఎంలకు చెప్పడానికి ఖర్చేమీ లేదు.

అందరికీ మెదడు స్కానింగ్ చేయమని నేను అడగడం లేదు. అది డబ్బుకూ, మనశ్శాంతికీ నష్టం. తల్లి, తండ్రి, తోబుట్టువులు, పిల్లలలో ఇద్దరికి అన్యూరిజం గానీ ఈ రక్తస్రావం గానీ జరిగిన కుటుంబాల్లో మిగతావాళ్లకు మెదడు రక్తనాళాలను చూపే ఎంఆర్ యాంజియో స్కాన్ చేయడం సమంజసం. వంశపారంపర్యంగా మూత్రపిండాల్లో నీటి తిత్తులు వచ్చేవాళ్లలో సుమారు పదోవంతు మందికి మెదడు అన్యూరిజం ఉంటుంది కాబట్టి వాళ్లనూ పరిశీలించాలి. ఈ కుటుంబాలను గుర్తించగలిగేది ఇంటింటికీ తిరిగే ఆశా కార్యకర్తలే. హఠాత్తుగా తలనొప్పి వచ్చి పోయినవాళ్లు మీ ఇంట్లో ఎవరైనా ఉన్నారా అన్న ప్రశ్నకు పల్లెల్లో జవాబు దొరుకుతుంది. చాలాసార్లు దాన్ని గాలి సోకిందని, దిష్టి తగిలిందని గుర్తుపెట్టుకుని ఉంటారు. పేరు ఏదైనా, ఎలా జరిగిందో అడిగితే చెబుతారు.

శిక్షణ పాఠం రాసివ్వడానికి, మీరు చెప్పిన చోటికి వచ్చి బోధించడానికి నేను సిద్ధంగా ఉన్నాను. ఒక పూట చాలు. నా సహోద్యోగులు మరికొందరు కూడా వస్తామన్నారు. తలనొప్పి ప్రశ్నలు, ముట్ల గడులు, చిగుళ్ల పరీక్ష కలిపి ఒక్క పేజీ తెలుగు కాగితంగా తయారు చేశాను. మీ కార్యాలయాల ఇన్‌వార్డు విభాగాల్లో ఈ లేఖతో పాటు దాన్నీ అందజేస్తున్నాను. వేసవి మొదలయ్యేలోపు, ఎండ తలనొప్పుల రద్దీ క్లినిక్‌లను ముంచెత్తకముందే, ఆ కాగితం ప్రతి విలేజ్ హెల్త్ క్లినిక్ గోడ మీద ఉండేలా ఆదేశాలు ఇవ్వాలని కోరుతున్నాను. డిశ్చార్జి చీటీలో అండాశయాల వాక్యం గురించి మీ నిర్ణయాన్ని రాతపూర్వకంగా తెలియజేయగలరు.

ఇట్లు,
ఒక నర్సింగ్ అధ్యాపకురాలు,
అనంతపురం